మూడో నీళ్లు

ఆరు రోజులకొకసారి దగ్గుతుంది మా వీధి కొళాయి.
ముందు గాలి, తర్వాత తుప్పు, ఆ తర్వాతే నీళ్లు.
రాయదుర్గం కోటకొండ మీదికి ఎండ ఎక్కకముందే
బిందెలు, డ్రమ్ములు, పెయింటు డబ్బాలు,
పిడి ఊడిన కుక్కరు కూడా
వరసలో నిలబెడతాను.

జీన్సు ప్యాంటుకు జిప్పు వేస్తే ఇంత అని నా లెక్క.
పగలంతా తొడల మీద నీలం గుడ్డ.
రాత్రికి వేళ్లూ నీలమే, సంగటి ముద్ద అంచూ నీలమే.
కుట్టేది నేను. ఉతికేది ఇంకెవరో, ఇంకెక్కడో.
ఆ ఉతికిన నీళ్లు ఎటు పోతాయో
ఎన్నడూ అడగలేదు.

అడిగింది కరివేపాకు చెట్టు.
జాలాడి మూలన, ఐదేండ్లది, నా ఎత్తు దాటింది.
డబ్బా మీద రాసినంత కాదు,
నా చెయ్యి చెప్పినంత వేసేదాన్ని సబ్బుపొడి:
గుప్పెడు, ఇంకో గుప్పెడు, మురికికి భయం పుట్టాలని.
బురుగు మోచేతి దాకా లేస్తే తప్ప
ఉతికినట్టే ఉండేది కాదు.
ఆ నీళ్లన్నీ చెట్టు మొదట్లోకే.
మేలు చేస్తున్నాననే అనుకున్నా.
ముందు ఆకులు పసుపుపచ్చన, తర్వాత అంచులు కాలి,
మొదలు చుట్టూ తెల్లగా చౌడు పొంగింది.
ఒక సోమవారం పొయ్యి మీద పోపు చిటపటమంటుంటే
రెబ్బ కోసం చెయ్యి చాపినాను.
పుల్ల విరిగింది, టప్పుమని.

మా అత్త హంపమ్మ దాన్ని వాసన చూసి
"సబ్బు" అనింది.
అంతే అనింది.

ఇప్పుడు మా ఇంట్లో నీళ్లకూ వావీవరసా ఉండాయి.
మొదటి నీళ్లు జాలాడి బండకు, పాయిఖానాకు.
రెండో నీళ్లు కసువు ఊడ్చినాక వాకిలికి.
మూడో నీళ్లు పారబోసేది లేదు.
మళ్లీ ఉతికేనాడు అవే మొదటి నీళ్లు.
దోమల భయానికి మూత పెట్టి, మూత మీద రాయి పెడతాను.

పొడి ఒక్క చెంచా. వారం విడిచి వారం కుంకుడు రసమే.
కాయలు కొట్టే పని తిప్పేస్వామిది.
గింజ ఎగిరి యాడో పడుతుంది, దాన్ని తిడతాడు.
ఒకనాడు ఆ చేత్తోనే కన్ను నలుపుకుని
డిపోకు పోతే
"పొద్దన్నే తాగొచ్చినావా?" అన్నారంట.

ఒక్కపూట కట్టిన చీరకు గాలి చాలు,
దండెం మీద ఊగనిస్తాం.
మాసిందీ లేనిదీ ముక్కుతో చూస్తాం, కంటితో కాదు.
మా పిల్లోడి జీన్సు ఏడుసార్లు తొడిగినాకే నీళ్లకు.
కాలేజీలో ఎవరో అన్నారంట,
"మీ అమ్మ కుడుతుంది గానీ ఉతకదా?" అని.
రెండు రోజులు నాతో మాట్లాడలేదు వాడు.
నీ ప్యాంటు మీది నీలమూ నా వేళ్ల మీది నీలమూ ఒకటేరా,
కాలవలో కలవడానికి దానికేం తొందర లేదులే
అని చెప్పాలనుకున్నా. చెప్పలేదు.
ప్యాంటు తిరగేసి నీడన ఆరేసినాను.

నిజం దాచేదెందుకు, తెల్లచొక్కా ముందటంత తెల్లగా లేదు.
పక్కింటి మాబున్నీ దండెం మీది తెలుపు కళ్లు పొడుస్తుంది.
ఒక పెండ్లికి పోయే ముందర నేనూ ఓడిపోయినా.
ఎవరూ చూడకుండా
రెండు గుప్పిళ్లు వేసేసినా.
ఆ బురుగు నీళ్లు ఎత్తుకొని వీధి చివరిదాకా నడిచినా.
యాడ పోయాలో తెలీలేదు.
బకెట్టు బరువెంతో ఆపొద్దు తెలిసింది.

నిన్న కొళాయి రాలేదు. ట్యాంకరూ రాలేదు.
రాయి తీసి, మూత తీసినా.
మూడో నీళ్లు అట్లనే ఉండాయి, అడుగున కొంచెం నీలంగా.
అత్త వంగి చూసి "చాలు" అనింది.
తువ్వాళ్లు రెండు నానేసినాము.

దండేనికి ఒక కొస ఇప్పుడు
ఆ ఎండిన కరివేపాకు మోడుకే కట్టినాను.
మోడుకు జానెడు దూరంలో పిలక ఒకటి, వేలెడంత,
నాలుగు ఆకులతో.
పోపు వేసేటప్పుడు చెయ్యి అటే పోతుంది.
వెనక్కి తీసుకుంటాను.